చెకుముకి తుపాకితో జింక వేట: పెన్సిల్వేనియా ఫ్లింట్‌లాక్ సీజన్‌కి మొదటిసారి వెళ్ళేవాళ్ళ కోసం

క్రిస్మస్ మర్నాడు, అంటే డిసెంబర్ 26న, పెన్సిల్వేనియాలో ఫ్లింట్‌లాక్ సీజన్ మొదలవుతుంది. సంక్రాంతి పండగ రోజుల్లో కూడా నడుస్తూనే ఉంటుంది. ఈ సీజన్‌కి పెద్ద షరతు ఒకటే. చెకుముకి రాయి ఉక్కుని కొడితే పుట్టే రవ్వతో పేలే తుపాకి తప్ప ఇంకేదీ వాడకూడదు. స్కోపు ఉండదు, తూటా ఉండదు, రెండో గుండు వెంటనే రాదు. 1974 నుంచి ఈ సీజన్ ఉంది. 18వ శతాబ్దపు బట్టలు వేసుకుని, కొమ్ములో తుపాకి మందు పోసుకుని, మంచులో మెల్లగా నడిచే మనుషులు ఈ అడవుల్లో ఇప్పటికీ కనిపిస్తారు.

నేను ఏడు సీజన్లు తిరిగాను, నాలుగు జింకలు దొరికాయి. దొరకని మూడేళ్ళలో తప్పు అడవిలో జరగలేదు. అంతకుముందే ఇంట్లో జరిగింది. రాయి సరిగ్గా బిగించలేదు, మందు తడవకుండా చూసుకోలేదు, నా చేతికి ఎంత దూరం సాధ్యమో తెలుసుకోలేదు. అందుకే ఇందులో అడవి గురించి కంటే అడవికి ముందు చేసుకోవాల్సిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు చట్టం

ఇది అమెరికాలో, అందులోనూ పెన్సిల్వేనియాలో, లైసెన్సుతో చేసే వేట గురించి మాత్రమే. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పిని గానీ, కణితిని గానీ, కృష్ణజింకని గానీ వేటాడటం నేరం. ఊరికి వెళ్ళినప్పుడు ఎవరైనా నాటు తుపాకి తీసి సరదాగా పిలిచినా వెళ్ళకండి.

వీసా మీద ఉన్న తెలుగువాళ్ళు ముందుగా చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి వీసాలో ఉన్నవాళ్ళు మామూలు తుపాకి, తూటాలు దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకి మందుతో, మూతి వైపు నుంచి దట్టించే తుపాకిని అదే చట్టం పురాతన ఆయుధాల కింద చూస్తుంది, మామూలు తుపాకుల లెక్కలో వెయ్యదు. అలాగని ఈ నాలుగు మాటలు నమ్ముకుని కొనెయ్యకండి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, పొరపాటు జరిగితే గ్రీన్ కార్డు దాకా దెబ్బ తగులుతుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక గంట కూర్చోబెట్టి, మీ పేపర్లు చూపించి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

లైసెన్సు కోసం పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ నడిపే హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. మామూలు వేట లైసెన్సు మీద మజిల్‌లోడర్ (మూతి నుంచి దట్టించే తుపాకి) లైసెన్సు అదనంగా తీసుకోవాలి. తుపాకి 44 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు 0.44 అంగుళాలు) గానీ అంతకంటే పెద్దది గానీ అయి ఉండాలి. 1800కి ముందు వాడిన తుపాకి, లేదా దాని నమూనాలో చేసినది కావాలి. గురి చూసుకోవడానికి స్కోపు లేని మామూలు సైట్లే ఉండాలి. తేదీలు, ఏ ప్రాంతంలో ఏ జింకని కొట్టొచ్చు, కొట్టిన జింకకి ట్యాగ్ అనే చీటీ ఎలా కట్టాలి లాంటివన్నీ డైజెస్ట్ అనే ఆ ఏటి నిబంధనల పుస్తకంలో ఉంటాయి. పోయినేడు చదివాను కదా అని వదిలెయ్యకండి, నిబంధనలు మారుతుంటాయి.

తుపాకి ఎంచుకోవడం

18వ శతాబ్దం మొదటి సగంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్, స్విస్ తుపాకి పనివాళ్ళ చేతుల్లో ఈ వేటకి వాడే పొడుగు రైఫిల్, లాంగ్‌రైఫిల్, పుట్టింది. వాళ్ళు తమ దేశం నుంచి తెచ్చుకున్న జేగర్ రైఫిల్ పొట్టిగా, లావుగా ఉండేది, పెద్ద గుండు తినేది. ఇక్కడి అడవిలో వారాల తరబడి తిరిగేవాడికి సీసం, మందు రెండూ పొదుపు కావాలి. దాంతో క్యాలిబర్ తగ్గింది, బ్యారెల్ 42 నుంచి 46 అంగుళాల దాకా సాగింది, మేపుల్ చెక్కతో చేసిన సన్నని పిడి వచ్చింది. లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్ చేసిన రైఫిళ్ళ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. నజరెత్ ఊరి దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది. కొనేముందు ఒకసారి అక్కడికి వెళ్ళి అసలువి చూడండి. ఫొటోలో అలంకారంగా కనిపించే ప్రతి వంపూ భుజానికి, చెంపకి ఆనడానికి పెట్టిందేనని దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది.

మొదటి తుపాకికి 50 లేదా 54 క్యాలిబర్ తీసుకోండి. 50 క్యాలిబర్ అంటే బ్యారెల్ లోపలి వెడల్పు సరిగ్గా అరంగుళం. అందులో 0.490 అంగుళాల గుండ్రటి సీసం గుండు పడుతుంది, బరువు దాదాపు 11.5 గ్రాములు. 54లో 0.530 గుండు, దాదాపు 14.5 గ్రాములు. 50 సరిపోతుంది గానీ నేను 54 వాడతాను. గుండ్రటి గుండు గాలిలో వేగం త్వరగా పోగొట్టుకుంటుంది కాబట్టి ఆ కాస్త బరువు జింక దగ్గర అక్కరకొస్తుంది. బ్యారెల్ లోపలి గాడి మెలిక నెమ్మదిగా, 60 లేదా 66 అంగుళాలకి ఒక చుట్టు లెక్కన ఉంటే గుండ్రటి గుండు నిలకడగా వెళ్తుంది.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ లాక్, అంటే రవ్వ పుట్టించే యంత్రం, దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు. చవక లాక్ ఎండలో బాగానే పేలుతుంది, జనవరిలో మాత్రం పేలదు. చేతిపని అలవాటున్నవాళ్ళు కిట్ కొని ఇంట్లో బిగించుకుంటారు. కిబ్లర్ లాంటి కిట్లలో చెక్క, లోహం దాదాపు పూర్తిగా కోసి వస్తాయి. సాన, రంగు, ఓపిక మనవి.

రాయి, ఉక్కు, రంజకం

ఈ తుపాకి మాటలు తెలుగులో మనకి కొత్త కాదు. ముందుగా అంటుకునే చిటికెడు మందుని మన పాతవాళ్ళు రంజకం అనేవారు, నేనూ అదే వాడతాను. పెద్ద మందుని బ్లాక్ పౌడర్ అనే రాస్తాను, ఎందుకంటే నల్లమందు అంటే మన భాషలో వేరే అర్థం ఉంది.

పని జరిగే తీరు ఇది. కాక్ అనే కొక్కెం దవడల్లో రాయి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది ముందుకి దూకి, ఫ్రిజెన్ అనే ఉక్కు పలకని గీరుకుంటూ దాన్ని ముందుకి తెరుస్తుంది. చాలామంది రాయే నిప్పు ఇస్తుందనుకుంటారు. నిజానికి రాయి పదును ఉక్కు నుంచి సన్నని పొట్టు తీస్తుంది, ఆ పొట్టే మండుతూ కింద ప్యాన్ అనే చిన్న గిన్నెలో ఉన్న రంజకం మీద పడుతుంది. ఆ మంట బ్యారెల్ పక్కనున్న చిన్న చిల్లులోంచి లోపలికి వెళ్ళి అసలు మందుని అంటిస్తుంది. ఇది అర్థమైతే సగం రిపేర్లు మీరే చేసుకోగలరు. నిప్పు సరిగ్గా రావడం లేదంటే రాయి పదును పోయి ఉండాలి, లేదా ఫ్రిజెన్ మీద నూనె, మసి పట్టి ఉండాలి, అదీ కాకపోతే ఉక్కు మెత్తబడి ఉండాలి.

రాయిని తోలు ముక్కలో చుట్టి దవడల మధ్య పెట్టండి. దాని అంచు ఫ్రిజెన్ ముఖానికి సమాంతరంగా, వెడల్పు మొత్తం ఒకేసారి తగిలేలా ఉండాలి. కాక్‌ని సగం ఎత్తి, అంటే హాఫ్‌కాక్‌లో పెట్టి, ఫ్రిజెన్ మూసినప్పుడు రాయి దానికి తగలకూడదు. కొట్టేటప్పుడు ఫ్రిజెన్ పైభాగంలో మొదట తగిలి కిందికి గీరుకుంటూ రావాలి. స్క్రూ గట్టిగా బిగించండి, నాలుగైదు దెబ్బల తర్వాత మళ్ళీ బిగించండి, తోలు అణుగుతుంది కాబట్టి వదులవుతుంది.

ఒక రాత్రి చీకటి గదిలో పరీక్ష చెయ్యండి. ముందుగా తుపాకిలో మందు గానీ గుండు గానీ లేవని రామ్‌రాడ్, అంటే దట్టించే కర్ర, వేసి చూసుకోండి, గదిలో మందు డబ్బా ఎక్కడా లేకుండా చూసుకోండి. మూతి గోడ వైపు ఉంచి ట్రిగ్గర్ నొక్కండి. రవ్వలు పసుపు తెలుపుగా, గుత్తిగా ప్యాన్‌లో రాలితే లాక్ బాగుంది. ఎర్రగా, రెండు మూడు మాత్రమే రాలితే ఆ లాక్‌తో అడవికి వెళ్ళకండి.

రంజకం విషయంలో అందరూ చేసే తప్పు, ఎక్కువ పొయ్యడం. ప్యాన్ నిండా పోసి చిల్లుని కప్పేస్తే అది వత్తిలా కాలుకుంటూ వెళ్తుంది, పేలడం ఆలస్యమవుతుంది. ప్యాన్‌లో మూడో వంతు చాలు, చిల్లు తెరిచి ఉండాలి. మందు కాలడం కాదు, మంట ఎగిరి లోపలికి దూకడం కావాలి.

మందు, గుండు, దట్టించడం

అసలైన బ్లాక్ పౌడర్ తప్ప ఇంకేదీ పొయ్యకండి. ఈ కాలపు తూటాల్లో వాడే పొగరాని మందు పోస్తే బ్యారెల్ పగిలి చెయ్యి పోవచ్చు. బ్లాక్ పౌడర్‌కి బదులుగా అమ్మే ఇతర మందులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, అందుకే చెకుముకి రవ్వకి నమ్మకంగా అంటుకోవు. బ్లాక్ పౌడర్ సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిందే అని తెలిసి ఇంట్లో చేద్దామనుకునేవాళ్ళు ఉంటారు, ఆ ఆలోచన మానుకోండి. మంచి మందు కొనుక్కోండి. అసలు మందుకి టూ ఎఫ్ లేదా త్రీ ఎఫ్ రకం, రంజకానికి ఇంకా సన్నని ఫోర్ ఎఫ్ రకం అడగండి. పరిమాణం మీ తుపాకి తయారీదారు చెప్పిన హద్దు లోపలే ఉండాలి. నా 54లో టూ ఎఫ్ 80 గ్రెయిన్లు, అంటే దాదాపు 5 గ్రాములు, పోస్తాను.

దట్టించే వరుస ఇది. వరుస మారకూడదు, మధ్యలో ఎవరితోనూ మాట్లాడకూడదు.

1. కళ్ళద్దాలు పెట్టుకోండి. రామ్‌రాడ్ లోపలికి వదిలి బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో చూడండి. ప్యాన్ ఖాళీగా, ఫ్రిజెన్ తెరిచి, కాక్ కిందికి దింపి ఉండాలి.
2. ఆల్కహాల్ తడిపిన గుడ్డతో నూనె తుడవండి, తర్వాత పొడి గుడ్డ. చిల్లులో సన్నని తీగ పెట్టి శుభ్రం చెయ్యండి. నూనె మిగిలితే మొదటి గుండు పేలదు.
3. కొమ్ములోంచి మందు కొలత గొట్టంలోకి పొయ్యండి, గొట్టంలోంచి బ్యారెల్‌లోకి. కొమ్ములోంచి నేరుగా బ్యారెల్‌లోకి ఎప్పుడూ పొయ్యకండి. లోపల ఒక్క నిప్పు కణిక మిగిలి ఉంటే కొమ్ము మొత్తం మీ చేతిలో పేలుతుంది.
4. బ్యారెల్ మీద అరచేత్తో రెండు తట్లు తట్టండి, మందు అడుక్కి చేరుతుంది.
5. నూనె లేదా కొవ్వు రాసిన గుడ్డ ప్యాచ్‌ని మూతి మీద పరవండి. తలగడ గలేబుల టికింగ్ గుడ్డ, 0.015 అంగుళాల మందం, బాగా పనిచేస్తుంది. దాని మీద గుండు పెట్టి లోపలికి నొక్కండి.
6. రామ్‌రాడ్‌ని మూతికి దగ్గరగా, జానెడు ఎత్తులో పట్టుకుని కొంచెం కొంచెంగా దింపండి. పై చివర పట్టుకుని ఒక్కసారి తోస్తే కర్ర విరిగి చేతిలో గుచ్చుకుంటుంది. ఇది చాలామందికి జరిగింది.
7. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. సరిగ్గా దట్టించినప్పుడు రామ్‌రాడ్ ఎంత బయటికి ఉందో అక్కడ గీత పెట్టుకోండి. ప్రతిసారీ ఆ గీత మూతి దగ్గరకి రావాలి.
8. రంజకం ఇప్పుడు కాదు. కాల్చే చోటికి చేరాకే.

మందు పొయ్యడం మర్చిపోయి గుండు మాత్రమే దింపేశారనుకోండి. కంగారు పడకండి, అందరికీ ఒకసారి జరుగుతుంది. చిల్లులోంచి కొద్ది కొద్దిగా రంజకం లోపలికి తోసి, రామ్‌రాడ్‌తో గుండు అడుగునే ఉందని మళ్ళీ చూసి, మూతి మట్టిగుట్ట వైపు పెట్టి కాలిస్తే గుండు బయటికి వచ్చేస్తుంది.

కుడిచేతి లాక్ అయితే కుడి పక్కన ఎవరూ నిలబడకూడదు. చిల్లులోంచి మంట ఆ పక్కకి చిమ్ముతుంది.

ఎంత దూరం మీది

ఆగస్టులో మొదలుపెట్టండి, డిసెంబర్‌లో కాదు. మొదట 25 గజాల్లో, తర్వాత 50 గజాల్లో. నిలబడి, ఏ ఆధారం లేకుండా, తొమ్మిదంగుళాల పేపర్ ప్లేటు మీద ఐదుకి ఐదు గుండ్లు పడే దూరం ఎంతో చూసుకోండి. అదే మీ హద్దు. చాలామందికి అది 50 గజాలు. కొందరికి 35. హద్దు 35 అయితే 40లో ఉన్న జింకని వదిలెయ్యాలి. గాయపడి పారిపోయిన జింక రాత్రంతా మంచులో పడి చావడం కంటే పెద్ద తప్పు వేటలో లేదు. నాకు ఈ విషయంలో రెండో మాట లేదు.

ఈ తుపాకితో అసలు కష్టం రెప్పపాటు. ట్రిగ్గర్ నొక్కిన తర్వాత కంటి ముందే మంట లేస్తుంది, ఆ తర్వాత గుండు బయల్దేరుతుంది. మంటకి మీరు ఉలిక్కిపడితే గుండు పక్కకి పోతుంది. దీనికి విరుగుడు ఒకటే: దవడల్లో రాయికి బదులు చెక్కముక్క బిగించి, ఖాళీ తుపాకితో రోజూ ఇంట్లో ఇరవైసార్లు గురిపెట్టి నొక్కండి. కాక్ పడిన తర్వాత కూడా సైటు గురి మీదే ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు ఉండాలి. మూడు వారాల్లో తేడా తెలుస్తుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి గురి వైపే ఉంచి ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలొచ్చు. తర్వాత చిల్లు శుభ్రం చేసి, కొత్త రంజకం పోసి మళ్ళీ ప్రయత్నించండి.

బట్టలు

చట్టం అడగదు గానీ ఈ వేటకి వెళ్ళేవాళ్ళలో చాలామంది 1750 నుంచి 1780 మధ్య సరిహద్దు రైతు వేసుకున్న బట్టలే వేసుకుంటారు. మొదటి ఏడు నేను వాటిని నాటకం వేషం అనుకుని, ఆన్‌లైన్‌లో దొరికిన కాటన్ చొక్కా, పలుచని పాంటు కొన్నాను. పది గంటలకల్లా తడిసి వణుకుతూ కారు దగ్గరికి వచ్చేశాను. ఆ కాలంవాళ్ళ బట్టలకి ఒక లెక్క ఉంది, ఆ లెక్క తెలుసుకుంటే జనవరిలో రోజంతా కూర్చోవచ్చు.

లెక్క ఏమిటంటే ఉన్ని. తడిసినా వెచ్చదనం పోనిది ఉన్నే. తెలంగాణలో, రాయలసీమలో గొంగడి కప్పుకుని వానలో గొర్రెల వెంట తిరిగిన మనిషికి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. మా తాత గొంగడి మీద వాన చినుకులు పూసల్లా నిలిచి జారిపోవడం నేను చిన్నప్పుడు చూశాను. ఇక్కడి వేటగాళ్ళ కపోట్, అంటే దుప్పటితో కుట్టిన టోపీ ఉన్న కోటు, సరిగ్గా అదే పని చేస్తుంది.

లోపల నార చొక్కా, అంటే లినెన్, మోకాళ్ళ దాకా పొడుగు. దాని మీద ఉన్ని వెయిస్ట్‌కోటు, చేతులు ఉన్నదైతే మంచిది. దాని మీద ముందు తెరుచుకునే వదులైన హంటింగ్ షర్ట్, లేదా బాగా చలిగా ఉంటే కపోట్. నడుముకి గుడ్డ బెల్టు గట్టిగా చుట్టండి, గాలి లోపలికి దూరదు. కింద ఉన్ని బ్రీచెస్ మోకాళ్ళ దాకా. మోకాలి కింద నుంచి మడమ దాకా ఉన్ని లెగ్గింగ్స్, వాటిని మోకాలి దిగువన నేసిన పట్టీతో కట్టాలి. ముళ్ళపొదల్లో ఇవి కాళ్ళని కాపాడతాయి, పాంటు కంటే చప్పుడు తక్కువ. ఉన్ని కొమ్మకి తగిలినా గీరిన శబ్దం రాదు. ఈ ఒక్క గుణం కోసమే మామూలు వేటకి కూడా ఉన్ని వేసుకోమంటాను.

రంగులు గోధుమ, బూడిద, మాసిన ఆకుపచ్చ, నీలి. వాల్‌నట్ కాయ తొక్కతో అద్దిన గోధుమ రంగు ఈ అడవిలో కలిసిపోతుంది. తెల్ల నార చొక్కా బయటికి కనిపించనివ్వకండి, జేబులో తెల్ల రుమాలు పెట్టుకోకండి. ఇక్కడి జింక పేరే తెల్లతోక జింక, బెదిరినప్పుడు తోక ఎత్తి తెల్లగా మెరిపిస్తుంది. పొదల్లో మీ తెల్ల మెడపట్టీ కదిలితే ఇంకో వేటగాడికి ఏమనిపిస్తుందో ఆలోచించండి. బొచ్చు టోపీ, జింక తోలు కోటు కూడా అందుకే వద్దు. నారింజ రంగు ఎప్పుడు తప్పనిసరో డైజెస్ట్‌లో చూసుకోండి. చట్టం అడగని రోజుల్లో కూడా నేను నడిచేటప్పుడు నారింజ గుడ్డ టోపీకి చుట్టుకుంటాను. అది ఆ కాలపు బట్ట కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

కాళ్ళకి మొకాసిన్ అనే మెత్తని తోలు చెప్పులు. అడుగు కింద పుల్ల ఉంటే విరగకముందే పాదానికి తెలుస్తుంది, జింక దగ్గరికి చేరడానికి దీన్ని మించినది లేదు. కాని తడి ఆకుల మీద, మంచు పట్టిన రాతి మీద దారుణంగా జారుతుంది. లోపల దుప్పటి గుడ్డతో కుట్టిన రెండు జతల సాక్సులు వేసుకోండి, మూడో జత సంచిలో ఉంచండి. నేల గడ్డకట్టి గట్టిగా ఉన్న రోజు మొకాసిన్, కరిగి చిత్తడిగా ఉన్న రోజు మామూలు బూట్లు. పాదం మొద్దుబారితే వెంటనే వెనక్కి వచ్చెయ్యండి.

భుజాన తోలు సంచి: గుండ్లు, ప్యాచ్‌లు, రెండు కొత్త రాళ్ళు, స్క్రూడ్రైవర్, చిల్లు తీగ, ప్యాన్ బ్రష్. దానికి పైన మందు కొమ్ము. నడుముకి కత్తి. తినడానికి వేయించిన మొక్కజొన్న గింజలు, ఎండబెట్టిన మాంసం ఆ కాలపు తిండి. నా సంచిలో అటుకులు కూడా ఉంటాయి.

తడి

రెండో సీజన్‌లో, సన్నగా మంచు పడుతున్న పొద్దున, ఒక ఆడజింక 30 గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. నొక్కాను. టక్ మని చప్పుడు, అంతే. ప్యాన్ తెరిచి చూస్తే రంజకం కాటుక ముద్దలా ఉంది. బ్లాక్ పౌడర్ గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది, వాన పడక్కర్లేదు.

అప్పటి నుంచి నేను చేసేవి ఇవి. లాక్ మొత్తాన్ని కప్పే తోలు తొడుగు, దాన్ని కౌస్ నీ అంటారు, అంటే ఆవు మోకాలు. ఆ వంపు తోలు లాక్ మీద సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు. దానికి మైనం, కొవ్వు కలిపి బాగా పట్టించండి. ప్యాన్ అంచులకి, ఫ్రిజెన్ కింది అంచుకి సన్నగా మైనం రాస్తే ప్యాన్ మూత బిగుతుగా కూర్చుంటుంది. లోపలికి మాత్రం అంటనివ్వకండి. తుపాకి మూతికి చిన్న తోలు బిరడా పెట్టండి, కాల్చే ముందు తీసెయ్యడం మర్చిపోవద్దు. ప్రతి అరగంటకి, మంచు పడుతుంటే పావుగంటకి, పాత రంజకం ఊదేసి కొత్తది పొయ్యండి. చలిలో ఉన్న తుపాకిని వెచ్చని ఇంట్లోకి, కారులోకి తేకండి, లోపల చెమ్మ పడుతుంది. గట్టి వాన ఉన్న రోజు ఇంట్లో ఉండండి.

అడవిలో

ఈ సీజన్‌కి జింకలు వారాల తరబడి తుపాకి శబ్దం విని ఉంటాయి. మైదానంలోకి పగలు రావు. దట్టమైన మౌంటెన్ లారెల్ పొదల్లో, హెమ్లాక్ చెట్ల కింద పడుకుంటాయి. చలి బాగా ఉన్న రోజు దక్షిణం వైపు వాలులో ఎండ తగిలే చోట చూడండి. ఎర్ర ఓక్ గింజలు మంచు కింద ఇంకా మిగిలి ఉంటే అక్కడ గిట్టలతో తవ్విన గుర్తులుంటాయి. మంచు ఉంటే వేట నేర్చుకోవడానికి అంతకంటే మంచి పలక లేదు. ఎటు నుంచి వచ్చాయి, ఎక్కడ పడుకున్నాయి, ఎటు పారిపోయాయి, అన్నీ రాసి ఉంటాయి.

గాలి మీ ముఖానికి తగలాలి. మూడు అడుగులు వెయ్యండి, చెట్టు పక్కన ఆగండి, రెండు నిమిషాలు చూడండి. మొత్తం జింక కోసం వెతకకండి. చెట్ల నిలువు గీతల మధ్య ఒక అడ్డగీత, అంటే వీపు, కోసం చూడండి. చెవి కదలిక, నల్లని ముక్కు. 200 గజాలు నడవడానికి గంట పడితే సరిగ్గా నడుస్తున్నట్టు. మీకు ముందు జింక కనిపించాలి, జింకకి మీరు కాదు.

నడిచేటప్పుడు కాక్ హాఫ్‌కాక్‌లో, ఫ్రిజెన్ మీద తోలు తొడుగు. కాల్చే ముందు మాత్రమే తియ్యాలి. కంచె దాటాల్సి వస్తే, చెట్టు ఎక్కాల్సి వస్తే ముందు రంజకం పారబొయ్యండి.

డిసెంబర్ చివరి నుంచి కొన్ని మగజింకల కొమ్ములు రాలిపోతాయి. తల బోడిగా ఉందని ఆడదే అనుకోవద్దు, ట్యాగ్ విషయంలో దీని గురించి ముందే చదువుకోండి.

కాల్చడం, ఆ తర్వాత

జింక పక్కకి తిరిగి, లేదా కొద్దిగా అవతలికి తిరిగి ఉండాలి. ముందు కాలు వెనక, ఛాతీ ఎత్తులో మూడో వంతు పైకి గురి. ఎదురుగా చూస్తున్నప్పుడు, పరిగెడుతున్నప్పుడు కాల్చకండి. జింక తల చెట్టు వెనక్కి వెళ్ళినప్పుడు ఫుల్‌కాక్ చెయ్యండి, ట్రిగ్గర్ నొక్కిపట్టి కాక్ పూర్తిగా ఎత్తి, ముందు ట్రిగ్గర్ వదిలి, ఆ తర్వాత కాక్‌ని మెల్లగా వదిలితే క్లిక్ శబ్దం రాదు. జింక వెనక ఏముందో చూశారా? సరే, నొక్కండి, సైటు మీద కళ్ళు ఉంచండి.

తెల్లని పొగ కమ్మేస్తుంది, ఏమీ కనిపించదు. ఒక మోకాలి మీద వంగండి, పొగ కింద నుంచి జింక ఎటు వెళ్ళిందో చూడండి. చెవులు పెట్టి వినండి. కదలకుండా అక్కడే మళ్ళీ దట్టించుకోండి. తర్వాత అరగంట ఆగండి. ఇదే అన్నిటికంటే కష్టం. వెంటనే వెంబడిస్తే గాయపడ్డ జింక మైలు దూరం పోతుంది, వదిలేస్తే దగ్గరలోనే పడుకుంటుంది. గుండ్రటి గుండు ఒక్కోసారి అవతలి వైపు బయటికి రాదు కాబట్టి నెత్తురు తక్కువ పడొచ్చు. చివరిసారి చూసిన చోట గుర్తు పెట్టి, ఒక్కో చుక్కకి ఒక్కో ఆకు తిప్పి పెట్టుకుంటూ మెల్లగా వెళ్ళండి. దొరికే వరకు వదలకండి.

ట్యాగ్ రాసి, జింకని కదపకముందే కట్టండి. అక్కడే పేగులు తీసి, లోపల చల్లబడనివ్వండి. గుండు తగిలిన చోటు చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారెయ్యండి, సీసం ముక్కలు ఉండొచ్చు.

మనవాళ్ళకి తలకాయ కూర, బోటీ ఇష్టం. జింక విషయంలో తలకాయ వదులుకోండి. పెన్సిల్వేనియాలో కొన్ని ప్రాంతాల జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. అలాంటి చోట్ల నుంచి తల, వెన్నెముక లాంటి భాగాలు బయటికి తీసుకెళ్ళడంపై నిషేధం ఉంటుంది. మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం ఎక్కడి జింకవైనా తినకండి. ఆ ప్రాంతాల్లో కొట్టిన జింకకి పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే వండండి.

మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, మటన్‌లా వండితే తోలులా అవుతుంది. తొడ మాంసాన్ని పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లిలో రాత్రంతా ఉంచి, కాస్త నూనె ఎక్కువ వేసి, సన్నని సెగ మీద మూడు గంటలు ఉడికించండి. మా ఇంట్లో కనుమ నాడు ఇదే, గారెలతో.

కాని కూర కంటే ముందు తుపాకి. కాల్చిన రోజు రాత్రే, బట్టలు మార్చుకోకముందే. కాలిన మందు మసి తేమని పీల్చి రాత్రికి రాత్రే ఇనుముని తినేస్తుంది. చిల్లుకి పుల్ల బిరడా పెట్టి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళు బ్యారెల్‌లో పోసి, గుడ్డలు శుభ్రంగా వచ్చే దాకా తుడవండి. లాక్ ఊడదీసి కడిగి ఆరబెట్టండి. అంతా పొడిగా అయ్యాక నూనె రాసి, మూతి కిందికి పెట్టి నిలబెట్టండి, మిగిలిన నూనె చిల్లు వైపు చేరదు. మర్నాడు పొద్దున తెల్లగుడ్డ ఒకటి లోపలికి తిప్పి చూడండి. తుప్పు రంగు అంటితే మళ్ళీ కడిగి, మళ్ళీ నూనె రాయండి.